టీలో నానబెట్టే ఫ్రూట్ లోఫ్: నెల్లూరు, ప్రకాశం వంటిళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇదేం కేకు? క్రిస్మస్‌కి బేకరీల్లో అమ్మే ప్లమ్ కేకేనా?

కాదు. ప్లమ్ కేకులో వెన్నా గుడ్లూ దండిగా పడతాయి, పండ్లు రమ్ములోనో ద్రాక్షరసంలోనో వారాల తరబడి నానతాయి. ఇందులో వెన్న లేదు, నూనె లేదు, గుడ్డు ఒక్కటే. ఎండు పండ్లు నానేది వేడి టీ డికాషన్‌లో, అదీ ఒక్క రాత్రి. వేల్స్‌లో దీన్ని బారా బ్రిత్ అంటారు, వాళ్ల భాషలో మచ్చల రొట్టె అని అర్థం. ఐర్లండ్ వాళ్ల బార్మ్‌బ్రాక్, యార్క్‌షైర్ వాళ్ల టీ లోఫ్ దీనికి అక్కచెల్లెళ్లు. పాతకాలంలో ఈస్టు వేసి పొంగించేవాళ్లు. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా చేసేది బేకింగ్ పౌడరుతోనే, ఇక్కడ చెప్పేదీ అదే, మన కొట్లలో దొరికే సరుకుతో.

ఇంట్లో అందరూ కేకనే అంటారు, అననివ్వండి. స్పాంజి కేకులా దూదిపింజలా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. ముక్క బరువుగా, తడిగా ఉంటుంది. వెన్న రాసుకుని సాయంత్రం టీతో తినేది.

కొలతలు చెప్పండి.

900 గ్రాముల లోఫ్ టిన్ను ఒకదానికి (పొడవు 21, వెడల్పు 11 సెం.మీ., లోతు ఆరున్నర):

- కిస్‌మిస్ 150 గ్రా., నల్ల కిస్‌మిస్ 100 గ్రా., గింజ తీసి తరిగిన ఖర్జూరం 60 గ్రా.
- టూటీ ఫ్రూటీ 40 గ్రా. (నానబెట్టేది కాదు, చివర్లో కలిపేది)
- వడకట్టిన టీ డికాషన్ 250 మి.లీ.
- ముదురు రంగు బెల్లం 150 గ్రా.
- మైదా 250 గ్రా., బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు (కొసరు లేకుండా, తలగొట్టి), ఉప్పు పావు టీస్పూను
- గుడ్డు 1
- దాల్చినచెక్క పొడి అర టీస్పూను, శొంఠి పావు టీస్పూను, రెండు లవంగాలు, రెండు యాలకులు, జాజికాయ నాలుగు గీకులు
- ఒక నిమ్మకాయ పైతొక్క తురుము

గ్లాసులతో కొలవద్దు. ఒక ఇంటి గ్లాసుకి ఇంకో ఇంటి గ్లాసుకి పొత్తు కుదరదు. మైదా 240 మి.లీ. కప్పులో పోస్తే 125 గ్రాములు రావచ్చు, అదే కప్పు కుదేసి నింపితే 150 కూడా దాటుతుంది. చిన్న డిజిటల్ కాటా ఒకటి వంటింట్లో ఉంటే ఈ లోఫ్ సగం కుదిరినట్టే.

నిమ్మ తురుము విషయంలో మనం అదృష్టవంతులం, పొదలకూరు నిమ్మ మార్కెట్టుకి దగ్గర్లో ఉన్నాం. తొక్క పైన ఉన్న రంగు మాత్రమే గీకాలి. కింది తెలుపు తగిలితే చేదు.

చేసే పద్ధతి వరసగా?

ముందురోజు రాత్రి: 275 మి.లీ. నీళ్లు తెర్లనిచ్చి పొయ్యి ఆపేయండి. రెండు టీస్పూన్ల డస్ట్ టీ వేసి (ఆకు టీ అయితే మూడు) మూతపెట్టి నాలుగు నిమిషాలు ఉంచండి. వడకట్టి, ఆ వేడిలోనే చిదిమిన బెల్లం కరిగించి, మళ్లీ పలచటి గుడ్డలో వడకట్టండి. బెల్లంలో ఇసుక, చెరుకు పీచు ఉండటం మామూలే. పంటి కింద ఇసుక తగిలిన కేకుని చుట్టాలు మర్చిపోరు. వేడి డికాషన్‌లో కిస్‌మిస్‌లు, ఖర్జూరం వేసి మూతపెట్టండి.

మర్నాడు: పండ్లను జల్లెడలో వేసి డికాషన్‌ని వేరే గిన్నెలోకి వార్చండి. పారబోయకండి, అసలు కీలకం అక్కడే ఉంది. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు, మసాలా పొడులు కలిపి రెండుసార్లు జల్లించండి. గుడ్డు గిలకొట్టి పండ్లలో కలిపి, నిమ్మ తురుము వేసి, వార్చిన డికాషన్‌లో ముప్పావు వంతు పోయండి. పిండి మొత్తం ఒకేసారి వేసి గరిటెతో కింద నుంచి పైకి మడతపెట్టినట్టు కలపండి. పొడి పిండి కనపడటం ఆగిన క్షణం గరిటె ఆపాలి.

ఇప్పుడు గరిటె నిండా ఎత్తి వంచి చూడండి. గారెల పిండి కన్నా జారుగా, ఇడ్లీ పిండి కన్నా చిక్కగా ఉండాలి. ధారగా కారకూడదు, ఒక క్షణం గరిటెకి పట్టుకుని, ముద్దగా దబ్బున పడాలి. గట్టిగా ఉంటే మిగిలిన డికాషన్ చెంచా చెంచాగా చేర్చండి. సరిపోతే మిగిలింది తాగేయండి, తీపి టీ అది. చివరగా టూటీ ఫ్రూటీ కలపండి.

టిన్నులో అడుక్కీ పక్కలకీ బటర్ పేపర్ వేసి, మూడింట రెండు వంతులకి మించకుండా నింపి, పైకి తేలిన కిస్‌మిస్‌లను వేలితో లోపలికి నొక్కండి. పైనుంటే బొగ్గులవుతాయి. వేడెక్కిన ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 65 నుంచి 75 నిమిషాలు.

డికాషన్ అంతా ఒకేసారి పోసేస్తే ఏమవుతుంది?

చాలామందికి లోఫ్ చెడేది ఇక్కడే. పండు ఎంత పీల్చుకుంటుందో ముందే చెప్పలేం. కొత్త సరుకు కిస్‌మిస్ మెత్తగా ఉండి తక్కువ తాగుతుంది. కొట్లో ఏడాది పడున్నది గట్టిపడి ఎక్కువ తాగుతుంది. ఒకే కొలత పోసినా గిన్నెలో మిగిలే డికాషన్ ఒకరోజుకీ ఇంకోరోజుకీ తేడా వస్తుంది. అదంతా పిండిలో దిమ్మరిస్తే ఒకసారి బాగా కుదిరిన వంటే మరోసారి అడుగున మైనంలా తయారవుతుంది. అందుకే వార్చి, విడిగా పెట్టి, పిండిని చూసుకుంటూ పోయడం.

వాన రోజుల్లో ఇంకా జాగ్రత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం మన కోస్తాని తడుపుతూనే ఉంటుంది. మూత సరిగా లేని డబ్బాలో మైదా ఆ తేమ పీల్చుకుంటుంది. అప్పుడు రెండు మూడు చెంచాల డికాషన్ తక్కువే పడుతుంది.

టీ బంకులో డికాషన్ కొనుక్కొస్తే? పాలు పోసిన టీ అయితే?

రెండూ వద్దు. బంకులో డికాషన్ గంటల తరబడి మరుగుతూ ఉంటుంది, వగరు దిగిపోతుంది. లోఫ్‌లో ఆ వగరు నాలుక మీద మిగులుతుంది. పాల టీలో బెల్లం వేస్తే విరిగే ప్రమాదం ఉంది. విరక్కపోయినా పాలు కలిసిన పండ్లు మన ఎండకి రాత్రంతా నిలవ్వు.

రాత్రి నానబెడితే పొద్దున్నకి నురగ తేలింది, పుల్లటి వాసన. ఎందుకు?

పులిసింది. తీపి, నీళ్లు, వెచ్చదనం మూడూ ఉన్నచోట ఈస్టుకి పండగే. ఇంగ్లండు పుస్తకాలు రాత్రంతా వంటింటి గట్టు మీద వదిలేయమంటాయి, వాళ్ల గట్టు మీద చలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. ఆ రోజుల్లో నెల్లూరు వంటిల్లు అర్ధరాత్రి కూడా 30 డిగ్రీలకి దిగదు.

మార్చి నుంచి జూన్ దాకా ఇలా చేయండి. వేడి డికాషన్‌లో పండ్లు వేసి రెండు గంటలు బయట ఉంచండి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారి వండే గంట ముందు బయటికి తీయండి. ఫ్రిజ్ లేకపోతే పొద్దున నానబెట్టి నాలుగైదు గంటల్లో వండేయడమే. పుష్యమాసం చలిలో మాత్రం బయటే 10, 12 గంటలు హాయిగా నానబెట్టవచ్చు. పులిసినదాన్ని బెల్లం ఇంకాస్త వేసి కప్పిపుచ్చుదామని చూడకండి, పారేయండి.

ఏ పండ్లు పనికొస్తాయి, ఏవి పనికిరావు?

కిస్‌మిస్‌లకి తళతళ మెరిసే నూనె పూత ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో ఒక్క నిమిషం కడిగి గుడ్డ మీద ఆరనివ్వకపోతే డికాషన్ లోపలికి దిగదు. ఖర్జూరం మెత్తటి పండు రకమే తీసుకోండి. రాయిలా ఉండే ఎండు ఖర్జూరం ఒక రాత్రికి నానదు. అదే ఉంటే ముందు నీళ్లలో ఉడికించి, తరిగి వేయండి. అంజీర్ రెండు మూడు వేస్తే గింజలు కరకరలాడుతూ బాగుంటాయి. ఆప్రికాట్ పులుపు బెల్లానికి మంచి జోడీ.

టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలకి పాకం పట్టి రంగు వేసినది. నానబెడితే రంగు డికాషన్‌లోకి దిగి లోఫ్ లోపల ఆకుపచ్చ మరకలు పడతాయి. అందుకే చివర్లో.

జీడిపప్పు వేయాలనిపిస్తే 40 గ్రాములు దోరగా వేయించి, చల్లార్చి కలపండి. వేయించకుండా వేస్తే రెండో రోజుకి మెత్తబడి ఉడికిన చిక్కుడుగింజలా అయిపోతుంది. తాజా పండ్లు, అరటి గానీ సపోటా గానీ, ఇందులో వద్దు. వాటి నీటి లెక్క వేరు.

బెల్లం బదులు పంచదార? తాటి బెల్లం?

పంచదార వేయొచ్చు, 140 గ్రాములు చాలు. రంగు పాలిపోతుంది, వాసన తగ్గుతుంది, రెండో రోజుకి బెల్లం లోఫ్ అంత తడిగా ఉండదు. బెల్లం గాలిలోని తేమని పట్టుకుంటుంది, అదే దీని బలం. అదే బలం పొయ్యి దగ్గర చిక్కు కూడా: బెల్లం త్వరగా ఎర్రబడుతుంది, అందుకే వేడి 160 దాటనివ్వద్దు అంటున్నాం. 180లో పెడితే అరగంటకే పైన నల్లబడి లోపల పిండి పిండిగా మిగులుతుంది.

తాటి బెల్లం సగం, మామూలు బెల్లం సగం అయితే మా ఓటు దానికే. మొత్తం తాటి బెల్లమే అయితే టీ వాసనని మింగేస్తుంది.

ఓటీజీలో (కరెంటు కడ్డీలతో వేడెక్కే చిన్న ఓవెన్) పెట్టాను. పైన మాడింది, లోపల పచ్చి. తప్పు ఎక్కడ?

చిన్న ఓటీజీలో పై కడ్డీకి టిన్ను మరీ దగ్గరవుతుంది. అట్టడుగు అరలో పెట్టండి. పైన కింద కడ్డీలు రెండూ వేసి 15 నిమిషాలు ముందే వేడెక్కించండి. 40 నిమిషాలు గడిచాక పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. ఫ్యాను తిరిగే ఓవెన్ అయితే 150 చాలు. ఓటీజీ తిప్పుడు గుబ్బ మీద అంకెని పూర్తిగా నమ్మకండి. లోపల పెట్టే చిన్న థర్మామీటరు దొరుకుతుంది, ఒకసారి పెట్టి చూస్తే మీ ఓవెన్ గుణం తెలిసిపోతుంది.

ఓవెన్ లేదు. కుక్కర్లో అవుతుందా?

అవుతుంది. కొత్త కుక్కర్ని మాత్రం బలి పెట్టకండి, నీళ్లు లేని వేడికి అల్యూమినియం అడుగు పాడవుతుంది. పాత మందపాటి దేగిసా, సరిపడే మూత చాలు. కుక్కరే అయితే రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. అడుగున రెండు కప్పుల కల్లుప్పు లేదా ఇసుక పరిచి, పైన స్టాండు పెట్టి, మూతపెట్టి మధ్య మంట మీద 10 నిమిషాలు కాల్చండి. నీళ్లు చుక్క కూడా పోయకూడదు, పోస్తే ఆవిరి కుడుము తయారవుతుంది.

పొడుగు లోఫ్ టిన్ను ఇందులో పట్టదు. ఏడంగుళాల గుండ్రటి టిన్ను తీసుకోండి. టిన్ను గిన్నె గోడకి ఆనకూడదు, ఆనిన వైపు మాడుతుంది. లోపల పెట్టాక మంట పూర్తిగా సిమ్‌కి తగ్గించి 60 నుంచి 70 నిమిషాలు. మొదటి 45 నిమిషాలు మూత ఎత్తొద్దు. పైభాగం ఎర్రబడదు, లేతగానే ఉంటుంది. రుచికి లోటేం లేదు.

మధ్యలో కరెంటు పోయింది!

కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఇది జరిగేదే. తలుపు తీయకండి. 10 నిమిషాల్లో వస్తే ఏమీ కాదు, పోయినంతసేపు చివర్లో కలుపుకోండి. అంతకన్నా ఆలస్యమైతే లోఫ్ ఎంత కాలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. 40 నిమిషాలు దాటి ఉంటే పొంగు కుదురుకుని ఉంటుంది కాబట్టి, పై ప్రశ్నలో చెప్పినట్టు ఇసుక వేసిన గిన్నె వేడిచేసి అందులోకి మార్చేయండి. గిన్నెలో టిన్ను పట్టకపోతే మూకుడు మీద ఇంకో మూకుడు బోర్లించినా పని జరుగుతుంది. మొదటి 20 నిమిషాల్లోనే పోయి, గంటకి గానీ రాకపోతే ఆ పొంగు ఇక రాదు. కాల్చి తినొచ్చు, చుట్టాలకి పెట్టేలా ఉండదు. వాన ముసురుకున్న రోజు నేరుగా గ్యాసు మీద చేయడం తెలివైన పని.

ఉడికిందని ఎలా తెలుసుకోవాలి? పుల్ల గుచ్చితే ప్రతిసారీ తడిగానే వస్తోంది.

కిస్‌మిస్‌కి గుచ్చుకుని ఉంటుంది. పుల్లకి అంటుకున్నది వేళ్ల మధ్య నలపండి. జిగురుగా, ముదురుగా ఉంటే పండు రసం, పర్లేదు. తెల్లగా, పేస్టులా ఉంటే పచ్చి పిండి, ఇంకో 10 నిమిషాలు. మూడుచోట్ల గుచ్చి చూడటం మేలు, అందులో ఒకటి నడిమధ్య. వంటింటి థర్మామీటరు ఉంటే ఇంకా తేలిక: మధ్యలో 96, 97 డిగ్రీలు చూపితే దించేయొచ్చు.

పైన నిలువునా పగిలింది.

పగలాలి. పైభాగం ముందు గట్టిపడుతుంది, లోపలి పిండి ఆ తర్వాత పొంగి దారి చేసుకుంటుంది.

పండ్లన్నీ అడుగుకి దిగాయి. పిండి పట్టించి వేశాను కదా?

పిండి పట్టించడం పెద్దగా చేసేదేం లేదు. పండుని మోసేది చిక్కటి పిండి. పలచగా ఉంటే ఏం పట్టించినా దిగుతాయి. గరిటె పరీక్ష చేశారా? ఖర్జూరం ముక్కలు మరీ పెద్దవి అయినా దిగుతాయి, కిస్‌మిస్ సైజుకి తరగాలి.

మధ్యలో గుంట పడింది.

మూడు కారణాలు, వరసగా చూడండి. లోపల పచ్చిగా ఉండగా దించారు, ఇదే ఎక్కువ. లేదా అరగంట లోపు తలుపు తీశారు. లేదా బేకింగ్ పౌడర్ తలగొట్టకుండా కుప్పగా కొలిచారు, అప్పుడు పొంగు ముందే ఎగిరి, పిండి గట్టిపడేలోపు కూలుతుంది.

అసలు పొంగకుండా ఇటుకలా వస్తే పౌడరు చచ్చిపోయినట్టు. సముద్రం దగ్గరి ఊళ్లలో తెరిచిన డబ్బా తేమకి త్వరగా పాడవుతుంది. అర టీస్పూను పౌడరు మీద పావు కప్పు వేడి నీళ్లు పోయండి. బుసబుసమని పొంగితే మంచిది, నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంటే కొత్త డబ్బా తెచ్చుకోండి. ఇంకో సంగతి: పిండి కలిపాక టిన్నుని గట్టు మీద వదిలి ఫోను మాట్లాడుతూ కూర్చోవద్దు. తడి తగలగానే పౌడరు పని మొదలుపెడుతుంది. ఓవెన్ వేడెక్కాకే పిండి కలపాలి.

లోపల పొడుగాటి బొరియలు, ముక్క సాగుతోంది.

ఎక్కువ కలిపారు. మైదాలో జిగురు లేచింది. గరిటె తిప్పుళ్లు ఇరవై దాటకుండా చూసుకోండి, బీటరు అసలు ముట్టుకోవద్దు.

గుడ్డు తినం. ఏం వేయాలి?

గట్టి పెరుగు 60 గ్రాములు, వంటసోడా పావు టీస్పూను. బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లకి తగ్గించండి. పెరుగు పులిసినదైతే వద్దు. లోఫ్ కాస్త పొడిపొడిగా విరుగుతుంది, కోసేటప్పుడు ఓపిక కావాలి. పెరుగులో నీళ్లుంటాయి కాబట్టి డికాషన్ సగం పోసి ఆగి చూడండి.

గోధుమపిండితో?

సగం గోధుమ, సగం మైదా బాగా వస్తుంది. మొత్తం గోధుమపిండే అయితే డికాషన్ రెండు చెంచాలు అదనంగా పడుతుంది, ముక్క ఇంకా బరువెక్కుతుంది. రాగిపిండి 50 గ్రాములు మించనివ్వకండి.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా? బెల్లమే కదా?

బెల్లమైనా పంచదారైనా రక్తంలో చేసే పని దాదాపు ఒకటే. పైగా కిస్‌మిస్, ఖర్జూరం ఉన్నాయి. ఇది వాళ్లకోసం చేసిన వంట కాదు.

ఇంగ్లండు వంటకం చూసి చేస్తుంటే మాటలు అర్థం కావడం లేదు.

సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ అంటే బేకింగ్ పౌడర్ కలిపి అమ్మే మైదా. మన కిరాణా కొట్లలో వెతికి విసిగిపోకుండా పైన చెప్పిన లెక్కలో మీరే కలుపుకోండి. సుల్తానా అంటే మన లేత రంగు కిస్‌మిస్. కరెంట్స్ అంటే చిట్టి నల్ల ద్రాక్ష ఎండినది, బదులుగా నల్ల కిస్‌మిస్ తరిగి వేయొచ్చు. గ్యాస్ మార్క్ 3 అంటే 160 చిల్లర డిగ్రీలు. రెండు పౌండ్ల టిన్ను అంటే మన 900 గ్రాముల టిన్నే.

ఎప్పుడు కోయాలి? ఎన్నాళ్లు ఉంటుంది?

వేడి మీద కోస్తే ముద్దలు ముద్దలుగా ఊడుతుంది, పచ్చిగా ఉందేమో అనిపిస్తుంది. టిన్నులో 10 నిమిషాలు, జల్లి మీద పూర్తిగా చల్లారేదాకా, తర్వాత బటర్ పేపర్లో చుట్టి ఒక రాత్రి. రెండో రోజుకి పండ్ల తడి పిండిలోకి పాకి, మసాలా సర్దుకుంటుంది. పిల్లలు ఆగరు, ఆగలేకపోతే చివరి ముక్క కోసిచ్చి మిగతాది చుట్టేయండి. రంపపు పళ్ల కత్తితో వేలు మందం ముక్కలు, నొక్కకుండా కోయాలి.

చలికాలంలో స్టీలు డబ్బాలో ఐదారు రోజులు. వేసవిలో బయట రెండు రోజులే, తర్వాత ఫ్రిజ్‌లో వారం పైన. ముక్కలుగా కోసి, మధ్య మధ్య పేపరు పెట్టి ఫ్రీజర్లో రెండు నెలలు దాచుకోవచ్చు. చీమలకి బెల్లం వాసన గోడ అవతలికి కూడా తెలుస్తుంది. డబ్బాని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి.

నాలుగో రోజుకి గట్టిపడింది. పారేయాలా?

బూజు లేకపోతే పారేయక్కర్లేదు. పెనం సన్నటి మంట మీద పెట్టి, ముక్క రెండు వైపులా ఒక్కో నిమిషం కాల్చండి. అంచుల్లో బెల్లం కరిగి చిటచిటమంటుంది. దించగానే ఇంట్లో చిలికిన వెన్నలో చిటికెడు ఉప్పు కలిపి రాయండి. నెయ్యి రాసేవాళ్లూ ఉన్నారు, కానీ నెయ్యి ముక్కలోకి ఇంకిపోతుంది. వెన్న పైన నిలిచి మెల్లగా కరుగుతుంది.